బిందె, ట్యాంకు, కండలేరు

మేడ మీద నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే పంపు తిప్పగానే తెలిసిపోతుంది. ముందు ఒక దగ్గు, తర్వాత గాలి, ఆ తర్వాత ఏమీ ఉండదు. చెన్నై సాలిగ్రామంలో ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్న నాకు ఆ దగ్గు బాగా పరిచయం. నా డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా అచ్చం అలాగే దగ్గేది.

నా పని తమిళ సినిమాలకు తెలుగు మాటలు రాయడం. తెర మీద ఒక మూల సినిమా ముక్క ఆడుతూ ఉంటుంది. పక్కన నేను రాసుకునే ఫైలు. వాటి వెనక బ్రౌజర్‌లో నిఘంటువులూ, పాత పాటలూ, ఎప్పుడో తెరిచి మూయడం మరిచిన పాతిక ట్యాబులూ. హీరో నోరు తెరుస్తాడు, తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోతాడు. మౌస్ బాణం కదలదు. పెట్టె ముందున్న ఎర్ర దీపం మాత్రం ఆరకుండా వెలుగుతుంది, లోపల డిస్కు మరమరాలు నములుతున్నట్టు కరకరలాడుతుంది. రెండు నిమిషాలకు హీరో నోరు మూస్తాడు. ఆ పెదాలకు సరిపోయేలా నేను అనుకున్న మాట అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.

4 జీబీల ర్యామ్, 500 జీబీల హార్డ్ డిస్క్, అందులో లినక్స్. వేసిపెట్టింది మా మేనల్లుడు. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచితంగా పంచడం మొదలుపెట్టిన ల్యాప్‌టాప్‌లలో ఒకటి వాడికి దక్కింది. అందులో విండోస్ పక్కనే ‘బాస్’ అని ఇంకొకటి ఉండేది. డెబియన్ ఆధారంగా చెన్నై సీడాక్ సంస్థ తయారుచేసి 2007లో విడుదల చేసిన లినక్స్ అది. స్నేహితులంతా మొదటిదాంట్లో ఆటలాడుకుంటుంటే వీడు రెండోది తెరిచాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ కంప్యూటర్‌కు జ్వరమొచ్చినా వాడే వైద్యుడు.

ఫోన్‌లో లక్షణాలన్నీ విని, “స్వాప్ కొట్టుకుంటోంది మామయ్యా” అన్నాడు. నేను సగమే విన్నాను. స్వాప్ వల్లే బాధ అయితే దాన్ని తీసేస్తే సరిపోతుందిగదా అని, వాడికి చెప్పకుండా ఆపేశాను. ఆ సాయంత్రం హీరో రెండు నిమిషాలకు కాదు, అసలు నోరు మూయలేదు. స్విచ్ కట్టేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ తప్పు ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. తెలుసుకున్నాక కంప్యూటర్‌ను బాగుచేయడం సులువే అయింది.

కంప్యూటర్ తన జ్ఞాపకాన్ని పేజీలుగా కోసుకుంటుంది. మామూలు డెస్క్‌టాప్‌లలో పేజీ అంటే 4,096 బైట్లు. ఆ లెక్కన నా 4 జీబీల ర్యామ్‌లో పది లక్షలకు పైగా పేజీలు పడతాయి. ఎక్కువనిపిస్తుంది కానీ, ఈ కాలపు బ్రౌజర్ ఒక్కటే కూర్చుంటే సగం ఊడ్చేస్తుంది. చోటు చాలనప్పుడు కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఈమధ్య ఎవరూ ముట్టని పేజీలను ఏరి డిస్కులో ఒక మూల రాసిపెడుతుంది. ఆ మూల పేరే స్వాప్. విండోస్‌లో దాన్నే పేజ్‌ఫైల్ అంటారు. మళ్లీ ఆ పేజీ ఎవరికైనా కావాలంటే డిస్కు నుంచి తెచ్చి ఇస్తుంది. తెచ్చేదాకా అడిగిన ప్రోగ్రామ్ చేతులు కట్టుకుని నిలబడాలి.

ఎంతసేపు నిలబడాలన్నదే అసలు సంగతి. ర్యామ్ నుంచి ఒక మాట అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ముల్లు సరైన గీత మీదికి జరగడానికి సగటున ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు, కావలసిన ముక్క ముల్లు కిందికి తిరిగి రావడానికి ఇంకో నాలుగు. ఈ అంకెలు మన బుర్రకు ఎక్కవు. ర్యామ్‌కు పట్టే ఆ 100 నానోసెకన్లను ఒక్క సెకను అనుకుందాం. అప్పుడు తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ నుంచి పేజీ రావడానికి పావుగంట చిల్లర. హార్డ్ డిస్క్ నుంచైతే దాదాపు రోజున్నర.

మద్రాసు తెలుగువాడికి ఈ లెక్క నీళ్లలో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. వంటింట్లో బిందె, మేడ మీద ట్యాంకు, నెల్లూరు సీమలో కండలేరు జలాశయం. ప్రాసెసర్ పక్కనే అంటిపెట్టుకుని ఉండే క్యాష్ బిందె. ర్యామ్ ట్యాంకు. హార్డ్ డిస్క్ మీది స్వాప్ కండలేరు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందం పుణ్యమా అని 1996 నుంచి కృష్ణా నీళ్లు కండలేరు మీదుగా చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వస్తున్నాయి. 170 కిలోమీటర్లకు పైగా కాలువ. అక్కడ గేటెత్తితే ఇక్కడికి రోజుల ప్రయాణం. కండలేరు ఉండటం చెన్నైకి వరమే. అంతమాత్రాన దాహమేసినప్పుడల్లా గేటెత్తమని కబురు పెట్టలేం.

2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే జలాశయాలు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి నీళ్ల రైలు వచ్చింది. 25 లక్షల లీటర్లు. వినడానికి గొప్పగా ఉంది, టీవీలన్నీ చూపించాయి. నగరానికి రోజుకు కావలసినవి మాత్రం కోట్ల లీటర్లు. నా హార్డ్ డిస్క్ పరిస్థితి అచ్చంగా ఇదే. చెల్లాచెదురుగా ఉన్న పేజీలను అది సెకనుకు మహా అయితే ఎనభై తేగలదు. ఎనభై నాలుగులు మూడువందల ఇరవై, అంటే సెకనుకు 320 కిలోబైట్లు. స్వాప్‌లోకి పోయిన 400 ఎంబీల బ్రౌజర్‌ను పేజీ తర్వాత పేజీగా వెనక్కి తేవాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. నిజానికి అంత పట్టదు. కెర్నల్ ఒక పేజీ కోసం వెళ్లినప్పుడు ఇరుగుపొరుగు పేజీలతో కలిపి ఎనిమిదింటిని ఒకే విసురులో పట్టుకొస్తుంది. ఎలాగూ పెట్టిన ఖర్చుకు బస్సు నిండా జనాన్ని ఎక్కించుకొచ్చినట్టు. అయినా నిమిషాల్లోనే ఉంటుంది వ్యవహారం.

ఈ కష్టం కొత్తది కాదు. డిస్కును, ర్యామ్‌ను కలిపి ఒకే పెద్ద జ్ఞాపకంలా చూపించే యుక్తిని మొదట చేసి చూపింది 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్. దానిలో అసలు జ్ఞాపకం 16 వేల పదాల చిల్లర, వెనక తిరిగే డ్రమ్ము మీద ఇంకో 98 వేల పదాలు. ప్రోగ్రామ్ రాసేవాడికి మాత్రం అంతా ఒకటే కొట్టుగా కనిపించేది. పదేళ్ల తర్వాత, 1972 ఆగస్టులో ఐబీఎం తన సిస్టమ్/370 యంత్రాలకు ఈ సౌకర్యాన్ని ప్రకటించింది. అందులో ఒక ఇబ్బందుంది. అప్పటికే అమ్మిన 155 నమూనాలో దానికి కావలసిన, పేజీల చిరునామాలు మార్చే సర్క్యూటే లేదు. కావాలంటే విడిగా, ఖరీదు పెట్టి ఒక పెట్టె తగిలించుకోవాలి. 1973లో జర్మనీ సాయంతో మద్రాసు ఐఐటీకి వచ్చింది ఆ 370/155 నమూనాయే. అడయారు అడవిలో జింకల మధ్య కూర్చున్న ఆ యంత్రం ముందు కార్డుల కట్టలు పట్టుకుని నిలబడిన తరం వాళ్లకు జ్ఞాపకం పొదుపుగా వాడటం ఒకరు నేర్పనక్కర లేదు. పాతిక ట్యాబులు తెరిచే నాలాంటివాడికే నేర్పాలి.

ఇక నా డిస్కు నమిలిన మరమరాల సంగతి. ఈ జబ్బు పేరు థ్రాషింగ్. 1968లో పీటర్ డెన్నింగ్ అనే శాస్త్రవేత్త దాని మూలాన్ని విప్పి చెప్పాడు. ప్రతి ప్రోగ్రామ్‌కూ ఏ క్షణాన చూసినా చేతికింద ఉండి తీరాల్సిన పేజీలు కొన్ని ఉంటాయి. వడ్రంగి పెట్టెలో వంద పనిముట్లున్నా, తలుపు బిగించేటప్పుడు బల్ల మీద ఉండాల్సినవి ఉలి, సుత్తి, స్క్రూడ్రైవర్. దాన్ని ఆయన వర్కింగ్ సెట్ అన్నాడు. నడుస్తున్న ప్రోగ్రాములన్నిటి వర్కింగ్ సెట్లూ కలిపి ర్యామ్‌లో పట్టినంతసేపూ ఏ గొడవా లేదు. కాస్త మించిందా, ఉలి పెట్టడానికి సుత్తి తీయాలి, సుత్తి పెట్టడానికి ఉలి తీయాలి. యంత్రం చేసే పనంతా తీయడం, పెట్టడమే. గానుగెద్దు నడక. చోటు తగ్గేకొద్దీ వేగం కూడా కొంచెం కొంచెంగా తగ్గుతుందనుకుంటాం. అలా జరగదు. గట్టు దాటగానే ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

ఏ పేజీని బయటికి పంపితే మంచిదన్న ప్రశ్నకు సరైన జవాబు 1966లోనే బెలాడీ అనే పరిశోధకుడు చెప్పాడు. ఇక మీదట ఏది అన్నిటికంటే ఆలస్యంగా అవసరపడుతుందో దాన్ని పంపాలి. జవాబు బాగానే ఉంది కానీ దానికి మెరీనాలో చిలక జోస్యం చెప్పేవాణ్ని కెర్నల్‌లో కూర్చోబెట్టాలి. అది కుదరదు గనక జరిగినదాన్ని బట్టి జరగబోయేది ఊహిస్తారు. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో ఈ ఊహ కోసం కొత్త పద్ధతి చేరింది. పేజీలను తరాలవారీగా విడగొట్టి ముసలి తరాన్ని ముందు సాగనంపుతుంది. పాత కెర్నల్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు పైసా ఖర్చు లేకుండా చేయగల మొదటి మార్పు దాన్ని కొత్తదిగా మార్చుకోవడం.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. ర్యామ్‌లో రెండు జాతుల పేజీలుంటాయి. ఒకటి, ప్రోగ్రామ్ నడుస్తూ తానే సృష్టించుకున్నవి: నేను ఇంకా సేవ్ చేయని మాటలు, బ్రౌజర్ విప్పిపెట్టుకున్న బొమ్మలు. వీటికి డిస్కులో నకలు ఉండదు. రెండోది, డిస్కులోని ఫైళ్ల నుంచి చదివినవి. ప్రోగ్రామ్ కోడ్ కూడా ఇందులోదే. స్వాప్ ఉంటే మొదటి జాతిలో ఎప్పుడో ముట్టి వదిలేసినవాటిని కెర్నల్ అక్కడికి పంపగలదు. స్వాప్ తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు అది చోటు కోసం రెండో జాతి మీద పడుతుంది. ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రామ్ కోడ్‌నే పారేస్తుంది, మరుక్షణం అదే కోడ్‌ను మళ్లీ డిస్కు నుంచి చదువుతుంది. స్వాప్ లేదు, గానుగ మాత్రం తిరుగుతూనే ఉంది. వారం రోజులుగా తొంగిచూడని ట్యాబ్ ర్యామ్‌లో దర్జాగా కూర్చుని ఉంటే, సినిమా ఆడించే ప్రోగ్రామ్ గుమ్మం దగ్గర నిలబడింది. ఆ సాయంత్రం జరిగింది అదే.

జబ్బు నిర్ధారణకు మేనల్లుడు ఒకటే పరీక్ష చెప్పాడు. టెర్మినల్ తెరిచి వీఎమ్‌స్టాట్ అని కొట్టి పక్కన ఒకటి అంకె వేస్తే సెకనుకో వరుస అంకెలు దిగుతాయి. అందులో ఎస్ఐ, ఎస్ఓ అని రెండు నిలువు వరుసలు. మొదటిది స్వాప్ నుంచి లోపలికి వస్తున్నది, రెండోది బయటికి పోతున్నది. స్వాప్ ఎంత నిండింది అన్నది చూసి చాలామంది హడలిపోతారు. దానికి హడలక్కర లేదు. అటక మీద సామాను ఉండటం తప్పు కాదు, రోజూ నిచ్చెన వేయాల్సి రావడమే తప్పు. ఎస్ఓ ఒకసారి ఎగిరి తగ్గిపోతే అది సర్దుబాటు. ఎస్ఐ, ఎస్ఓ రెండూ నిమిషాల తరబడి పెద్ద అంకెలు చూపిస్తే థ్రాషింగ్. నా యంత్రంలో రెండూ పందెం వేసుకున్నట్టు పరుగెత్తాయి.

వైద్యంలో మొదటి మోతాదు సిగ్గుపడాల్సినంత సాదాసీదా. ట్యాబులు మూసెయ్. మూశాను. సగం నయం. ఇది రాయకుండా దాటేసి గొప్ప గొప్ప చిట్కాలు చెప్పొచ్చు గానీ, అది మోసం.

రెండోది నాకు ముచ్చటేసిన మోతాదు, జెడ్‌ర్యామ్. వేసవి రాగానే మా అమ్మ బొంతలన్నీ చుట్టచుట్టి, మోకాలితో అదిమి, తాడు కట్టేది. నాలుగు బొంతల చోట ఒకటిన్నర బొంతంత మూట. జెడ్‌ర్యామ్ చేసేది ఇంతే. ర్యామ్‌లోనే కొంత చోటును స్వాప్‌గా చూపించి, అక్కడికి వచ్చిన పేజీలను డిస్కుకు పంపకుండా కుదించి దాచుతుంది. మామూలు పేజీలు సగానికో, మూడో వంతుకో కుదుస్తాయి. నీళ్లను ఇలా కుదించలేం గనక కండలేరు పోలిక ఇక్కడ పనికిరాదు. విప్పడానికి పట్టేది కొన్ని మైక్రోసెకన్లే. ఇందాకటి మన కొలతలో నిమిషం లోపు. రోజున్నర ఎక్కడ, నిమిషం ఎక్కడ! ఖర్చేమీ లేదా అంటే ఉంది, ప్రాసెసర్ కాస్త కష్టపడాలి. ఎలాగూ అది డిస్కు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చుంటోంది కదా. ముందే కుదించి ఉన్న వీడియో, ఫోటో ఫైళ్ల ముక్కలు మాత్రం ఇంకా కుదియవు. చుట్టిన బొంతను మళ్లీ చుట్టలేం.

నితిన్ గుప్తా అనే ప్రోగ్రామర్ కంప్‌క్యాష్ అన్న పేరుతో మొదలుపెట్టిన పని ఇది. 2014లో లినక్స్ 3.14తో జెడ్‌ర్యామ్ అసలు కెర్నల్‌లో స్థిరపడింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఏళ్లుగా ఉంది. ఫెడోరా అనే లినక్స్ 2020 నుంచి దాన్ని అడక్కుండానే పెట్టి ఇస్తోంది. యాపిల్ 2013లో, విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ 2015లో ఇదే ఉపాయాన్ని తమ తమ పద్ధతుల్లో తెచ్చుకున్నాయి. మా మేనల్లుడు నా యంత్రంలో 4 జీబీల జెడ్‌ర్యామ్ పెట్టి, దానికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి, పాత డిస్కు స్వాప్‌ను దాని వెనక ఉంచాడు. ముందు మూట కట్టు, మూటలకూ చోటు లేకపోతేనే కండలేరుకు పంపు అన్నమాట. ఈ ఏర్పాటులో ఒక లోపముంది. మొదట వచ్చిన పనికిరాని పేజీలు జెడ్‌ర్యామ్‌లో తిష్ఠ వేస్తే, తర్వాత వచ్చే పనికొచ్చే పేజీలు డిస్కు పాలవుతాయి. అలా కాకుండా మూటల్లో పాతవాటిని తానే డిస్కుకు దించే ఏర్పాటు జెడ్‌స్వాప్. ఇది 2013లో వచ్చింది. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

మూడోది స్వాపీనెస్ అనే అంకె. దీని చుట్టూ ఉన్నన్ని అపోహలు వాస్తు చుట్టూ కూడా లేవు. మామూలుగా 60 ఉంటుంది. ర్యామ్ అరవై శాతం నిండితే స్వాప్ మొదలవుతుందని కొందరు, నలభై శాతం నిండగానే అని కొందరు. రెండూ కాదు. ఇందాక చెప్పిన రెండు జాతుల పేజీలలో ఏ జాతి మీద ఎక్కువ భారం వేయాలో చెప్పే తూకం అది. అంకె తగ్గిస్తే ఫైళ్ల పేజీలను ఎక్కువగా పారేస్తుంది, పెంచితే మొదటి జాతిని స్వాప్‌కు పంపడానికి మొగ్గుతుంది. స్వాప్ హార్డ్ డిస్క్ మీద ఉంటే తగ్గించడంలో అర్థముంది. జెడ్‌ర్యామ్‌లో ఉంటే మాత్రం పెంచాలి, అక్కడికి పంపడం చవక గనక. 2020లో వచ్చిన 5.8 కెర్నల్ నుంచి 200 దాకా వెళ్లనిస్తుంది. నా యంత్రంలో ఇప్పుడు 180 ఉంది. అలాగే ఎనిమిదేసి పేజీలను కలిపి తెచ్చే అలవాటును కూడా జెడ్‌ర్యామ్ ఉన్నప్పుడు మాన్పించి ఒక్కొక్కటే తెమ్మనాలి. కూతవేటు దూరానికి బస్సెందుకు?

స్వాప్‌కు విడిగా పార్టిషన్ కావాలా, ఫైలు చాలా అన్న చర్చకు ఇప్పుడు పస లేదు. వేగంలో తేడా రాదు. ర్యామ్‌కు రెండింతలు స్వాప్ ఉండాలన్న సూత్రం కూడా పాతకాలపుది. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి డిస్కులో దాచే హైబర్నేషన్ వాడేవాళ్లకు మాత్రం డిస్కు మీద సరిపడా స్వాప్ ఉండాలి, కరెంటు పోతే జెడ్‌ర్యామ్‌లో ఏదీ మిగలదు. పెన్‌డ్రైవ్‌ను స్వాప్‌గా పెట్టుకుంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, వద్దు.

మిగిలినవి డబ్బులు పెట్టాల్సినవి. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో వాటికి కొదవ లేదు. బయల్దేరేముందు పెట్టె విప్పి పాత ర్యామ్ పలకను ఫోటో తీసుకుని వెళ్లండి. డీడీఆర్3, డీడీఆర్4 పలకలకు కింది గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని గూట్లో ఇంకోటి కూర్చోదు. మదర్‌బోర్డు ఎంత వరకు ఒప్పుకుంటుందో కూడా చూసుకోవాలి. డబ్బు ఒకదానికే ఉంటే ర్యామా, ఎస్ఎస్‌డీనా? వర్కింగ్ సెట్ ట్యాంకులో పట్టకపోతే కాలువను ఎంత వెడల్పు చేసినా అది కాలువే, కాబట్టి థ్రాషింగ్‌కు అసలు మందు ర్యామే. కానీ నేను ఎస్ఎస్‌డీ కొన్నాను. దానివల్ల స్వాప్ ఒక్కటే కాదు, యంత్రం లేవడం, ఫైలు తెరవడం, అన్నీ చురుకయ్యాయి. పైగా నా మదర్‌బోర్డులో ర్యామ్‌కు ఇంకో గూడు ఖాళీగా లేదు.

స్వాప్ రాసి రాసి ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని అంగడిలో ఒకాయన భయపెట్టాడు. లెక్క వేసుకున్నాను. ఒక చిన్న ఎస్ఎస్‌డీ మీద జీవితకాలంలో 80 టెరాబైట్లు రాయొచ్చని కంపెనీ హామీ ఇచ్చిందనుకుందాం. రోజుకు పది జీబీల చొప్పున రాసినా ఎనిమిది వేల రోజులు, ఇరవై ఏళ్ల పైమాటే. అప్పటికి నేను ఏ సినిమాకు మాటలు రాస్తుంటానో!

మొన్న ఆదివారం మేనల్లుడు ఫోన్ చేశాడు. నేను వీఎమ్‌స్టాట్ తెరిచి కూర్చున్నాను, ఈమధ్య అదొక వ్యసనమైంది.

“స్వాప్ ఎంత నిండింది మామయ్యా?”

“జీబీ దాటింది రా.”

“ఎస్ఐ?”

“సున్నా.”

“ఎస్ఓ?”

“అదీ సున్నానే.”

“మరింకేం, ఆ కిటికీ మూసెయ్. అది కూడా కొంచెం ర్యామ్ తింటుంది.”